కాలవలు కట్టేశాక కోనసీమ

గోదావరి జిల్లాలకు ఎప్పుడు వెళ్లాలని ఎవరినడిగినా చెప్పేవి రెండు మూడు మాటలే. సంక్రాంతికి వెళ్లండి, జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడొచ్చు అంటారు. వరదల రోజుల్లో వెళ్లండి, ఎర్రనీళ్లతో పాటు పులస కూడా దొరుకుతుంది అంటారు. కార్తీకమాసం అయితే మరీ బావుంటుంది అంటారు. నా మాట వింటే మే నెలలో వెళ్లండి. ఎండకు మాడు పగులుతుంది. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. సినిమాల్లో చూసి మనం ముచ్చటపడే ఆ నిండు కాలవల్లో చుక్క నీరుండదు. ఆ నీరు లేకపోవడం చూడటానికే వెళ్లమంటున్నాను.

ఏటా ఏప్రిల్ మధ్యలోనో చివర్లోనో ధవళేశ్వరం దగ్గర డెల్టా కాలవలకు నీళ్లు ఆపేస్తారు. మళ్లీ జూన్ మొదట్లో వదులుతారు. ఈ మధ్య కాలాన్ని అక్కడివాళ్లు 'కాలవలు కట్టేశారు' అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. పూడిక తీయాలన్నా, గట్టు కట్టాలన్నా, లాకు తలుపు మార్చాలన్నా, తూము బాగుచేయాలన్నా ఆ నెలా నెలన్నరలోనే. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టుకు ఏడాది మొత్తం మీద దొరికే ఖాళీ అదే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఉద్యోగం కాక, సాయంత్రాలూ ఆదివారాలూ ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పని చేస్తాను. బడుల్లో, ఊరి గ్రంథాలయాల్లో పుస్తకాల జాబితా రాసుకోవడానికి, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో చూసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అది. డబ్బులుండవు. ముగ్గురం మెయింటెయినర్లం, మరో పదిమంది అప్పుడప్పుడూ చేయి వేస్తారు. ఏడాదికొకసారి, బడులు తెరిచే జూన్ 12కు ముందు, కొత్త రిలీజ్ ఇస్తాం. అయ్యవార్లకు కొత్తది పెట్టుకోవడానికి తీరిక దొరికేది అప్పుడే. తర్వాత మళ్లీ వేసవి సెలవుల దాకా ఎవరూ దాని జోలికి వెళ్లరు.

2025 మే మూడో వారంలో కోనసీమకు బయల్దేరినప్పుడు నా సంచిలో ఈ ప్రాజెక్టు తగువు కూడా ఉంది. ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఆరు నెలలు కూర్చుని మా సాఫ్ట్‌వేర్ సమాచారాన్ని దాచుకునే పద్ధతి మొత్తం మార్చేశాడు. పని శుభ్రంగా ఉంది. తెలుగు పేర్లు వెతకడం ఎన్నో రెట్లు వేగంగా జరుగుతోంది. రిలీజ్‌కు ఇంకా మూడు వారాలుంది. ఇందులో కలిపేద్దామని ఒక మెయింటెయినర్, వద్దని ఇంకొకరు. మిగిలిన ఓటు నాది. ఆలోచించి చెబుతానని రైలెక్కాను.

మూడు వంతెనల ఊరు

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నిలబడితే వంతెనలు వరసగా కనిపిస్తాయి. 1900లో రాకపోకలు మొదలైన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, ఆ తర్వాత వచ్చిన విల్లు కమానుల వంతెన. హేవలాక్ వంతెన 1997 దాకా రైళ్లను మోసింది. దాని మీద రైళ్లు ఆపేసి, కూల్చి, అదే చోట కొత్తది కడతామని ఎవరూ అనలేదు. పాతది నడుస్తుండగానే పక్కన కొత్తది లేచింది. రోజ్ మిల్క్ తాగుతూ దీని గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు కానీ, ధవళేశ్వరం వెళ్లాక ఇదే సంగతి మళ్లీ ఎదురవుతుంది, గుర్తుంచుకోండి.

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఆటోలో కాసేపే. ముందు కాటన్ మ్యూజియం చూడండి. 1830ల కరువు ఈ ప్రాంతాన్ని ఎలా ఊడ్చేసిందో, పక్కనే ఇంత పెద్ద నది పారుతున్నా జనం తిండిలేక ఎలా చచ్చిపోయారో తెలిశాక ఆనకట్ట చూస్తే ఆ చూపే వేరు. ఆర్థర్ కాటన్ పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కావేరి మీద చోళుల నాటి కల్లణై ఇసుక మీదే నిలబడి ఉండటం చూసి, గోదావరి ఇసుకలోనూ కట్టొచ్చన్న ధైర్యం తెచ్చుకున్న మనిషి ఆయన. ఇప్పటికీ ఇక్కడి ఊళ్లలో ఆయన విగ్రహాలకు దండలు పడుతూనే ఉంటాయి.

నది నాలుగు పాయల మీద కట్టిన ఆనకట్ట అది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఏటా వరదలొచ్చే నదిలో ఐదేళ్ల పని అంటే ఐదేళ్లూ పని జరిగినట్టు కాదు. నీళ్లు తగ్గాక దిగాలి, వరద రాకముందు పైకి రావాలి. సగం కట్టి వదిలేసిన గోడను వరద క్షమించదు. అందుకే ఏ వేసవిలో ఎంతవరకు కట్టగలమో, వరదొచ్చినా నిలిచే చోట ఎక్కడ ఆపాలో లెక్క చూసుకోవాలి. మొదలుపెట్టడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆపితే ప్రమాదం లేదో తెలియడం అంత ముఖ్యం.

ఆ ఆనకట్ట నూరేళ్లు దాటి పనిచేసింది. మధ్యలో ఎత్తు పెంచారు, తలుపులు బిగించారు. చివరికి ముసలిదైపోయింది. అప్పుడు 1970లో కొత్త బ్యారేజీ పని మొదలుపెట్టి 1982కు ముగించారు. 175 గేట్లు. ధవళేశ్వరం పాయ మీద 70, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23, విజ్జేశ్వరం మీద 39. పన్నెండేళ్ల పనిని ఏ వేసవి కట్టివేతలోనూ ఇరికించలేరు. అంత పెద్ద మార్పుకు దారి ఒకటే: పాతదాన్ని దాని పని దాన్ని చేయనిచ్చి, పక్కన కొత్తది కట్టి, తయారయ్యాక నీళ్లు మళ్లించడం. మా భాషలో దీన్ని వేరే బ్రాంచ్‌లో చేయడం అంటాం.

11.75, 13.75, 17.75

బ్యారేజీ దగ్గర వరద మట్టం చూసే కొలబద్ద ఉంది. వానాకాలంలో టీవీల్లో మోగిపోయే అంకెలు అక్కడివే. నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటి హెచ్చరికకే ఊళ్లు ఖాళీ చేయమనరు. ఏటిలో పడవలు ఆపుతారు, లంకల్లోవాళ్లు పశువులను గట్టెక్కిస్తారు. మూడోదానికి ఇక చర్చలుండవు.

ఇది చూస్తే నాకు డెబియన్ గుర్తొచ్చింది. తెలియనివారికి: డెబియన్ అనేది 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్న ఆపరేటింగ్ సిస్టమ్. రెండేళ్లకొకసారి, అటూఇటూగా, కొత్త రిలీజ్ వస్తుంది. ఒక్కో రిలీజ్‌లో దాదాపు డెబ్భై వేల ప్యాకేజీలుంటాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉండే మనుషులు, ఒకరి మీద ఒకరికి అధికారం లేనివాళ్లు, 'ఇక పెద్ద మార్పులు వద్దు' అని ఎలా ఒప్పుకుంటారు? వాళ్లకీ మెట్లున్నాయి. నేను కోనసీమలో తిరుగుతున్న ఆ వేసవిలోనే డెబియన్ 13 ఆ మెట్లు దిగుతోంది. 2025 మార్చి 15న మొదటి ఫ్రీజ్: ఒకటి కదిపితే వంద కదిలే మార్పులు బంద్. ఏప్రిల్ 15న రెండోది: చిన్న చిన్న సవరణలే. మే 15న మూడోది: కీలకమైనవి ముట్టుకోవాలంటే రిలీజ్ బృందం అనుమతి కావాలి. జులై 27న పూర్తి ఫ్రీజ్: ఏది మార్చాలన్నా అనుమతి ఉండాల్సిందే. ఆగస్టు 9న రిలీజ్.

ఇందులో గమనించాల్సింది వరస. ముందు ఆపేది పెద్దవాటిని, చివరిదాకా రానిచ్చేది చిన్నవాటిని. మనలో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తాం. ఏడాదంతా చిల్లర పనులతో గడిపేసి, గడువు దగ్గరపడ్డాక పెద్ద మార్పు ఎత్తుకుంటాం, మళ్లీ ఏడాది దాకా అవకాశం రాదన్న భయంతో.

అదే డెబియన్ 13లో ఒక మహా పెద్ద మార్పు ఉంది. కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. 32 బిట్ల లెక్క అయితే 2038 జనవరి 19తో ఆ గిన్నె నిండిపోతుంది. గిన్నె మార్చాలంటే దాన్ని వాడే వేల ప్యాకేజీలను కదపాలి. ఆ పనికి వాళ్లు 2024 తొలి నెలల్లోనే దిగారు, అంటే మొదటి ఫ్రీజ్‌కు ఏడాది ముందు. వారాల తరబడి అన్నీ అతలాకుతలం అయ్యాయి. కానీ సర్దుకోవడానికి ముందు బోలెడంత కాలం ఉంది. అదే మార్పు 2025 ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఉంటే, అంతే మంచి మార్పు, అంతే మంచి మనుషులు, ఫలితం మాత్రం వేరుగా ఉండేది.

లొల్ల లాకుల దగ్గర

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం వైపు తిరిగితే మధ్య డెల్టాలోకి వచ్చినట్టే. ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం మరవద్దు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మే నెల కాబట్టి దారిపొడవునా తాటిముంజలు, మామిడితాండ్ర. ఇంట్లో చుట్టాలుంటే కొత్తావకాయ జాడీ ఒకటి ఎలాగూ చంకనెక్కుతుంది.

దగ్గర్లోనే లొల్ల లాకులు. బ్యారేజీ నుంచి వచ్చిన ప్రధాన కాలువ ఇక్కడ చీలి కోనసీమలోకి వెళ్తుంది. మీరు చాలా సినిమాల్లో చూసే ఉంటారు. మిగతా కాలంలో ఇక్కడికి ఫొటోలకు వస్తారు. మేలో వస్తే అడుగు కనిపిస్తుంది. బురద నెర్రెలు, ప్లాస్టిక్ సంచులు, పాత చెప్పులు, కుప్పలుగా గుర్రపుడెక్క, గట్టు రాళ్ల వెనక తవ్వుకుపోయిన బొరియలు. ఒక జేసీబీ పూడిక తోడుతోంది. ఇద్దరు మనుషులు తలుపుల మరలకు గ్రీజు పెడుతున్నారు. నీడన నిలబడి చూస్తున్న లస్కరును, నీళ్లున్నప్పుడు ఇవేవీ తెలియవా అని అడిగాను.

"ఎక్కడ తెలుత్తదండీ! నీళ్లు నిండుగా ఉంటే అన్నీ బాగున్నట్టే ఉంటయ్. కట్టేత్తేనే కనపడతయ్, ఆయ్."

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. కాలవలు కట్టేముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకోమని చెబుతారట. నెలన్నర పాటు తాగడానికి అవే. నింపుకోని ఊరు ట్యాంకర్ల కోసం ఎదురుచూడాల్సిందే. పెద్ద పనికి దిగేముందు పాత సమాచారం నకలు తీసి పక్కన పెట్టుకోవాలని మేం ఎంత మొత్తుకున్నా వినని వాళ్లకు ఈ చెరువులు చూపించాలి.

ఒక తేడా మాత్రం ఉంది, చెప్పుకోవాలి. మాకు ఫ్రీజ్ అంటే మార్పులు ఆపే కాలం. వీళ్లకు కట్టివేత అంటే మార్పులు మొదలుపెట్టే కాలం. పైకి రెండూ ఎదురెదురు. కానీ లైనక్స్ కెర్నెల్‌ను చూస్తే ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలని తెలుస్తుంది. అక్కడ ప్రతి విడతలోనూ మొదటి రెండు వారాలే కొత్తవి కలుపుకొంటారు. ఆ తర్వాత ఆరేడు వారాలు, ఒక్కోసారి ఎనిమిది, కలిపినవాటిని పరీక్షించడం, బాగుచేయడమే. రెండు వారాలు దాటి వచ్చిన పనిని, అది ఎంత గొప్పదైనా, తర్వాతి విడతకు రమ్మంటారు. తర్వాతి విడత తొమ్మిది పది వారాల్లో వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ గుండెలు బాదుకోరు. గడువు కఠినంగా ఉన్నా జనం ఒప్పుకోవడానికి కారణం, మళ్లీ వచ్చే గడువు మీద నమ్మకం.

శివారు లెక్క

కొత్తపేట మీదుగా పి.గన్నవరం వెళ్లాను. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి లంక ప్రాంతానికి దాటించే అక్విడక్టు అక్కడుంది. కింద నది, పైన కాలువ. కాటన్ కాలంలో హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో కట్టినది. అది పాతబడ్డాక పక్కనే కొత్తది కట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు అర్ధరాత్రైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇక్కడా అదే పద్ధతి. పాతదీ నిలబడే ఉంది, కొత్తదీ నడుస్తోంది.

అక్కడి నుంచి అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు, అమలాపురం దాటి, అల్లవరం మండలంలో సముద్రానికి దగ్గర్లో ఉండే మా మావయ్య వాళ్ల ఊరు చేరాను. కాలువకు చిట్టచివర, శివారు భూములు. పైన ఎవరు ఏ తూము ఎత్తినా, ఎవరు ఏ గట్టు వదిలేసినా దాని ఫలితం ముందు కనిపించేది ఇక్కడే.

మావయ్యను అడిగాను, కాలవ పనులు ఎక్కువ చేస్తే మంచిదా, తక్కువ చేస్తే మంచిదా అని.

"ఏరా అల్లుడూ, అదేం ప్రశ్నరా? పనులు చెయ్యకపోతే శివారుకి నీళ్లు రావు. మొదలెట్టి ముగించకపోతే అసలు ఎవరికీ రావు. పెద్దపని వద్దని ఎవడంటాడు? మే ఇరవైన మొదలెట్టొద్దంటాం, అంతే."

తర్వాత చేతివేళ్ల మీద లెక్క చెప్పాడు. జూన్ మొదట్లో నీళ్లొస్తే ఆకుమడి పడుతుంది. జులైలో నాట్లు. అక్టోబరు ఆఖరుకో, నవంబరు మొదట్లోనో సార్వా పంట చేతికొస్తుంది. ఆలస్యమైతే కోతలు తుపాన్ల నోట్లో పడతాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను ఈ ఊళ్లలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. కోనసీమ కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయిన రాత్రి అది. 2022లో ప్రభుత్వం జూన్ 1నే డెల్టాకు నీళ్లు వదలాలని నిర్ణయించింది కూడా ఈ లెక్కతోనే.

కథ అక్కడితో అయిపోదు. సార్వా ఆలస్యమైతే దాళ్వా ఆలస్యం. దాళ్వా ఆలస్యమైతే, చేలో పంట ఉండగా కాలువ కట్టొద్దని రైతులు పట్టుబడతారు, అది న్యాయమే. అప్పుడు కట్టివేత రోజులు తగ్గుతాయి. రోజులు తగ్గితే పనులు మిగిలిపోతాయి. పనులు మిగిలితే మళ్లీ శివారుకు నీళ్లు ఆలస్యం. ఒక్కసారి తేదీ జారితే ఆ జారుడు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. రిలీజ్ తేదీలు వాయిదా వేసుకుంటూ పోయిన సాఫ్ట్‌వేర్లన్నిటి కథా ఇదే. వాయిదా వేసిన కొద్దీ 'ఎలాగూ వాయిదా పడిందిగా, ఇది కూడా కలిపేద్దాం' అంటూ ఇంకొకటి వచ్చి చేరుతుంది.

అలాగని పెద్ద పనులను ఎప్పటికీ తప్పించుకుంటే ఏమవుతుందో కూడా ఈ నేలే చూపించింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లే వేయలేదు. పంట విరామం అన్నారు. అన్నపూర్ణ అనిపించుకున్న డెల్టాలో రైతు నాగలి కింద పెట్టడం దేశమంతా వార్త అయింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు రైతులు చెప్పిన బాధల్లో పూడిపోయిన మురుగు కాలవలు కూడా ఉన్నాయి. ఏటా నెలన్నరలో పట్టే చిన్న పనులే చేసుకుంటూ పోతే, ఆ నెలన్నరలో పట్టని పెద్ద పని అలాగే మిగిలిపోతుంది. డెల్టా ఆధునికీకరణకు ఒక దాళ్వా వదులుకుందామా అన్న చర్చ వచ్చినప్పుడల్లా తగువే. వదులుకునేది ఎవరు, బాగుపడేది ఎవరు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. శివారు రైతుకు కాలువ బాగవ్వాలి. పైన ఉన్న రైతుకు ఇప్పటికే నీళ్లొస్తున్నాయి, పంట ఎందుకు వదలాలి? ఇద్దరిదీ తప్పనలేం.

మే నెలలో వాన

నేను అక్కడున్న రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. ఆ ఏడాది నైరుతి మే 24నే కేరళను తాకింది. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. రోహిణి కార్తెలో రోళ్లు పగలాల్సింది పోయి మబ్బులు కమ్ముకున్నాయి. మావయ్య ఇంటి అరుగు మీద మాటలన్నీ కాలవ పనుల మీదికి మళ్లాయి. ఇంకా రోజులున్నాయని తాపీగా ఉన్నవాళ్లు తడబడతారు, మొదట్లోనే పెద్దవి ముగించుకుని చివరికి గ్రీజు పని మిగుల్చుకున్నవాళ్లకు భయం లేదని అక్కడివాళ్ల మాట. గడువుకు మూడు వారాలుందని మనం అనుకుంటాం. ఆ మూడు వారాలు మనవి కావు, వానవి.

మా రంగంలోనూ ఇలాంటిది ఈమధ్యే జరిగింది. పైథాన్ 3.13 రిలీజ్ 2024 అక్టోబరు 1న రావాలి. వాడకం అయిపోయిన జ్ఞాపకశక్తిని ఊడ్చి శుభ్రం చేసే యంత్రాంగంలో పెద్ద మార్పు ఒకటి అందులో ఉంది. రిలీజ్ ఇక వారం రోజుల్లో ఉందనగా, కొన్ని చోట్ల దానివల్ల వేగం తగ్గుతోందని తేలింది. చివరి నిమిషంలో మరమ్మతు చేద్దామనలేదు. మొత్తం వెనక్కి తీసేశారు. ఇంకో పరీక్ష విడత ఇచ్చి, అక్టోబరు 7న రిలీజ్ చేశారు. మెచ్చుకోవాల్సింది ఏమిటంటే, వాళ్ల దగ్గర వెనక్కి తీయగలిగే దారి ఉంది. ఆ మార్పు తీసేస్తే పాత పైథాన్ పాతలాగే నడుస్తుంది.

మా తగువుకు తాళంచెవి అక్కడ దొరికింది. అప్పటిదాకా మేం ముగ్గురం 'మార్పు పెద్దదా, చిన్నదా', 'కోడ్ బాగుందా, లేదా' అని వాదించుకుంటున్నాం. అడగాల్సింది వేరు. ఇది తేడా వస్తే వెనక్కి తీయగలమా? తేడా వస్తే దెబ్బ తగిలేది ఎవరికి?

కుర్రాడి పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి వేగంగా వెతకడం. దాన్ని ఒక మీట నొక్కి ఆపేయొచ్చు, ఆపితే పాత వెతుకులాట వస్తుంది. రెండోది పాత జాబితాలను కొత్త పద్ధతిలోకి మార్చడం. ఒకసారి మారిస్తే వెనక్కి రాదు. మాలాంటివాళ్ల కొత్త ల్యాప్‌టాప్‌లలో అది చక్కగా నడుస్తుంది. కానీ మా శివారు ఎక్కడుంది? పదేళ్ల నాటి కంప్యూటర్, మధ్యలో పోయే కరెంటు, రెండు వేల పుస్తకాల పేర్లు ఒక్కొక్కటీ టైపు చేసిన అయ్యవారు. జాబితా మారుతుండగా కరెంటు పోతే? ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే అలాంటి చోట నెలల తరబడి నడిపి చూడాలి. మూడు వారాల్లో తెలియదు.

అమలాపురంలో ఒక టీకొట్టు బెంచీ మీద కూర్చుని నా ఓటు రాశాను. వెతికే భాగం ఈ రిలీజ్‌లో కలుపుదాం, ఆపేసే మీటతో సహా. జాబితాలు మార్చే భాగం ఇప్పుడు వద్దు. రిలీజ్ అయిన మర్నాడే, అంటే కొత్త విడత మొదటి రోజునే, దాన్ని కలుపుదాం. ఏడాది పాటు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడుద్దాం. పాత కంప్యూటర్లున్న మూడు బడులను ఇప్పుడే అడిగి, పరీక్షకు ఒప్పిద్దాం.

వద్దన్న మెయింటెయినర్ వెంటనే ఒప్పుకున్నారు. కలుపుదామన్న ఆయన ఒక రోజు ఆలోచించి సరేనన్నారు. కుర్రాడి నుంచి మాత్రం రెండు రోజులు జవాబు లేదు. ఆరు నెలల పని అది. అతనికి ఆ జూన్‌తో చదువు పూర్తవుతుంది, ఉద్యోగంలో చేరాక తీరిక ఉంటుందో లేదో. ఇలాంటి వాయిదాల్లో మేం పోగొట్టుకునేది కోడ్‌ను కాదు, మనుషులను. ఓపెన్ సోర్స్‌లో జీతం లేదు, ప్రమోషన్ లేదు, తన పని జనం చేతుల్లోకి వెళ్లిందన్న తృప్తి ఒక్కటే. దాన్నే ఏడాది ఆగమంటున్నాం.

మూడో రోజు మెసేజ్ వచ్చింది. "తర్వాత అంటే ఎప్పుడండీ? తేదీ చెప్తారా?"

న్యాయమైన ప్రశ్న. తేదీ లేని 'తర్వాత' కాగితం మీద మిగిలిపోయిన కాలవ పనిలాంటిది. ముగ్గురం మాట్లాడుకుని జూన్ 11 అని రాసి, అందరికీ కనిపించే చోట పెట్టాం. జూన్ 10న రిలీజ్ ఇచ్చాం. 11న అతని పని అతని చేతే కలిపించాం. నాలుగు రోజుల పాటు మా పరీక్షలన్నీ ఎర్రగా మెరిశాయి. ఒక్క బడికి కూడా ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు, వాళ్ల దగ్గర పాతది నడుస్తోంది.

వెళ్లేవారికి

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి రాత్రి రైళ్లు చాలానే ఉన్నాయి. తెల్లవారుజామున దిగి, పుష్కరఘాట్ చూసుకుని, ఎండెక్కకముందే ధవళేశ్వరం చేరండి. బ్యారేజీ, బొబ్బర్లంక, లొల్ల లాకులు, ఆత్రేయపురం ఒక పూటకు చాలు. రెండో పూట రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం. సొంత బండి ఉంటే కాలువ గట్టు రోడ్డు వదలకండి. టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. పనులు జరిగేచోట గట్టు దిగకండి, బురద పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల మోకాల్లోతు. పనివాళ్లను పలకరించండి. గోదారివాళ్లు మాట్లాడటానికి ఎప్పుడూ సిద్ధమే.

ఆ జూన్‌లో ఒక సాయంత్రం మావయ్యకు ఫోన్ చేశాను, నీళ్లొచ్చాయా అని.

"లాకుల దగ్గర వదిలి వారమైందిరా. మా బోదెలోకి ఇయ్యాల పొద్దున దిగాయి. మడమలు తడుత్తున్నాయ్, ఇంకా పెరగాలి. ఆకుమడి దున్నించేత్తున్నా."

ఆలస్యమేనా అని అడిగితే, లేదు, లెక్కలోనే ఉంది అన్నాడు.